ఆషాఢంలో బయలుదేరిన ఓడ

మా గదిలో శుక్రవారం వంట చేయనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మినహాయింపు ఎవరూ దయతో ఇచ్చింది కాదు. మొదటి నెలలో నేను తరిగిన ఉల్లిపాయలనూ, కాచిన పప్పునూ చూశాక తోటివారిద్దరూ కూడబలుక్కుని చేసిన ఏర్పాటు అది. వాళ్ళు వండుతారు, నేను చదువుతాను. చదివేది నేనే రాస్తున్న నవల. గిన్నెలు మాత్రం ముగ్గురమూ వంతులవారీగా కడగాలి. సాహిత్యానికి మా గదిలో అంతకు మించిన రాయితీ లేదు.

అరబ్బు దేశపు చమురు రేవు రాస్ తనూరాలో మాది మూడో అంతస్తు. మిద్దె ఎక్కితే సముద్రం కనిపిస్తుంది, ముడి చమురు కోసం వరుసలో నిలబడిన ట్యాంకర్లు కనిపిస్తాయి. నేను ఒక కాంట్రాక్టు సంస్థ ఆఫీసులో పత్రాలు చూసే ఉద్యోగిని. వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నంబరు వేసి, అది చేరవలసిన చోటికి చేర్చడం నా పని. గదిలో నాకంటే పదేళ్ళు పెద్దవాడైన ఒకాయనది జగిత్యాల వైపు. జెట్టీల మీద, పైపుల చుట్టూ పనివాళ్ళు నిలబడడానికి పరంజా కట్టే మేస్త్రీ. ఆయన్ను అన్నా అని పిలుస్తాను. రెండో ఆయన కడప నుంచి వచ్చిన డ్రైవరు. మా సంస్థ బస్సు నడుపుతాడు. ఆయన మా ఇద్దరికీ భాయ్.

ఇక నవల. కాకతీయుల కాలం, మోటుపల్లి రేవు. రాజుగారి దండుకు గుర్రాలు తేవడానికి ఒక ఓడ హోర్ముజ్‌కు బయలుదేరుతుంది. దానికి దారి చూపే నావికుడు, అంటే మాలిమి, యువకుడు. రేవులో సుంకం వసూలు చేసే అధికారి కూతురిని ఆ మధ్యనే పెళ్ళి చేసుకున్నాడు. ఇంత పాత కథను నా వయసువాడు ఎందుకు తలకెత్తుకున్నాడంటే, దానికి కారణం ఒక ఓటమి. కళాశాలలో నేను వక్తృత్వ పోటీల మనిషిని. ఒక పోటీలో ఇలాంటి సముద్ర ప్రణయగాథల మీద విరుచుకుపడ్డాను. ఈ కథల్లో నాయకుడు పాడుతున్నంతసేపూ చుక్కాని ఎవరు పడతారని అడిగాను. ఒక్కడికైనా వాంతులు కావేమని అడిగాను. నాయిక ఏళ్ళ తరబడి ఒడ్డున నిలబడే ఉంటుంది, ఆమెకు ఆకలి వేయదా అని అడిగాను. సభ నవ్వింది. ఎదుటి పక్షం అమ్మాయి లేచి ఒకే ఒక్క మాట అంది: "అయితే మీరే ఒకటి సరిగ్గా రాసి చూపించండి." నాకిచ్చిన వ్యవధిలో జవాబు దొరకలేదు. ఆ జవాబు మొదలు పెట్టడానికి నాలుగేళ్ళు పట్టింది. నిజం ఓడలు కనబడే చోటికి రావలసి కూడా వచ్చింది.

అందరినీ ప్రశ్నించడానికి అలవాటుపడిన నన్ను ప్రశ్నించడానికి ఇక్కడ ఇద్దరు దొరికారు. అన్న పనిలో ఒక పద్ధతి ఉంది. కట్టిన పరంజాను తనిఖీ చేసిన వ్యక్తి అది మనిషి ఎక్కడానికి తగినదైతే పచ్చ ట్యాగు, కాకపోతే ఎర్ర ట్యాగు తగిలిస్తాడు. ఎర్ర ట్యాగు ఉన్నదాని మీద ఎంతటి అధికారి అయినా కాలు పెట్టకూడదు. నా అధ్యాయాలకూ ఆయన అదే పద్ధతి పెట్టాడు. ఓడ రేవు దాటే అధ్యాయం నేను గొంతు సవరించుకుని చదువుతూ ఉండగా చేతిలో కత్తి ఆపి అడిగాడు.

"ఆగు తమ్మీ. ఏ నెలల పోయిండు అన్నవ్?"

"ఆషాఢంలో అన్నా. కొత్తగా పెళ్ళయినవాళ్ళు విడివిడిగా ఉండే నెల కదా. ఎడబాటుకు అంతకంటే..."

"ఎడబాటు సంగతి తర్వాత. గాలెటు?"

"ఏ గాలి?"

"ఏ గాలంటడు! భాయ్, ఇన్నవా? మనుషులను ఎక్కిచ్చిండు, బియ్యం ఎక్కిచ్చిండు, గాలి ఎక్కియ్య మరిచిండు." ఆయన కత్తి కొనతో కిటికీ వైపు చూపించాడు. "జూన్ల ఈడ షమాల్ గాలి ఎటుకెల్లి కొడతది? ఉత్తరం దిక్కుకెల్లి. జెట్టీ మీద నిలవడితె మూతి నిండ దుమ్ము. ఆఫీసోల్లే పని బందువెట్టుమంటరు. గంత గాలికి ఎదురుంగ నీ ఓడ ఎట్లొచ్చింది? ఎనుకకెల్లి దొబ్బుకుంట తెచ్చిన్రా?"

"గుర్రాలుంటే ఈడ్చేటివి గదప్పా," అన్నాడు భాయ్ బియ్యం కడుగుతూ. "కానీ వీళ్ళు పోతాండేదే గుర్రాల కోసరం."

ఎర్ర ట్యాగు పడింది. వారం రోజులు వెతికి చూశాను. అన్న మాటే నిజం. మన తీరం నుంచి పడమటికి ఓడలు చలికాలపు గాలులతో వెళ్ళేవి. ఆషాఢంలో అరేబియా సముద్రం వాటిని బతకనివ్వదు. ఆషాఢం అనగానే తెలుగువాడి మనసుకు పుట్టింటికి వెళ్ళిన కొత్త పెళ్ళికూతురు గుర్తొస్తుంది కాని నైరుతి గాలి గుర్తు రాదు. నేను పంచాంగం చూసి ఓడ నడిపాను, ఆకాశం చూడలేదు. ప్రయాణాన్ని మార్గశిరానికి జరిపాను. పచ్చ ట్యాగు వచ్చింది.

ఈ మార్పును నాకంటే ఎక్కువ మెచ్చుకున్నది నేనెన్నడూ చూడని ఒక వ్యక్తి, అన్న భార్య. శుక్రవారం భోజనం కాగానే ఆయన ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఆ రోజు విన్న అధ్యాయాన్ని తన మాటల్లో చెప్పి ఆమెకు పంపుతాడు. ఆయన చెప్పేటప్పుడు నేను రాయని గుర్రాలు సకిలిస్తాయి, నేను లేపని అలలు లేస్తాయి. ఆమె అక్కడ తోటి ఆడవాళ్ళతో అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతుంది. ఫోను తంబాకు చేటకు ఆనించి పెడితే అందరూ ఆకు కత్తిరిస్తూ వింటారట. టీ వేళకు తీర్పు వచ్చేది. మార్గశిరం గురించి వచ్చిన తీర్పు నాకింకా గుర్తుంది: "ఆషాడం పోయినంక నాలుగు నెలలు కాపురం చెయ్యనిచ్చిండు. తమ్మి మంచోడే."

మరో శుక్రవారం ఒక ప్రశ్న వచ్చింది. "గామె రేవుల నిలవడి చూసుకుంటనే ఉంటదా? పని లేదా గామెకు?" పోటీలో నేను వేసి చప్పట్లు కొట్టించుకున్న ప్రశ్నే అది, నా పుస్తకం మీదికే తిరిగి వచ్చింది. సిగ్గుపడ్డాను. మోటుపల్లిలో ఓడలకు తెరచాపలు కుట్టే శాల ఒకటి సృష్టించి, నాయికను దానికి పెద్దను చేశాను. ఆ అధ్యాయం వెళ్ళిన రోజు ఫోనులో నవ్వులు వినబడ్డాయి. భాయ్ పోరు పడలేక ఓడలోకి హజ్ యాత్రికుడైన ఒక ముసలాయన్ను కూడా ఎక్కించాను. మక్కాకు రెండుసార్లు వెళ్ళివచ్చిన భాయ్, ఆ ముసలాయన ఏం తింటాడో, నమాజు వేళకు ఓడ ఊగుతుంటే ఎలా నిలబడతాడో దగ్గరుండి చెప్పాడు.

ఇలా నవల హోర్ముజ్ చేరింది. అక్కడి గుర్రాల వర్తకుడు మాలిమి నేర్పు చూసి, ఇంకో రెండేళ్ళు తన ఓడలు నడపమని అడుగుతాడు. మాలిమి ఇంటికి కబురు పంపుతాడు. ఆ అధ్యాయం అక్కడ ఆపాను.

తరువాతి శుక్రవారం భాయ్ జుమ్మా నమాజుకు వెళ్ళాడు. అన్న అల్లం చెక్కు తీస్తూ, నావైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"తమ్మీ, నా కాయితం నీ టేబుల్ మీదికొచ్చిందా?"

వచ్చింది. ఒప్పందం పొడిగించే పత్రం అది. ఎంత కాలం అన్నచోట ఖాళీ వదిలి ఉంది.

"రెండేండ్లు ఉండుమంటున్నరు. మొన్ననే మా జట్టుకు చార్జ్‌హ్యాండ్ చేసిన్రు గదా. నేను సరే అంటెనే పదిమంది పైకెక్కుతరు. పదకొండేండ్లాయె, ఇప్పుడు గద నాకు పనిల మజా దెలుస్తున్నది." అల్లం ముక్క చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "పోయినసారి ఇంటికి పోయినప్పుడు దానికి మాటిచ్చిన. ఇదే ఆఖరు, ఇగ పోనని."

"వదినకు చెప్పారా?"

"ఎట్ల చెప్పాలె? అందుకే నిన్ను అడుగుతున్న. నీ కతల గా మాలిమిని రెండేండ్లు ఉండుమన్నరు గదా. ఆమెతోని సంబురంగ ఉండుమనిపియ్యి. మంచిగ ఒక ఉత్తరం రాపియ్యి. గా ఉత్తరం నేను ఈడికెల్లి చెప్త. అది మెత్తవడ్డంక నా ముచ్చట తీస్త."

"అది ఆమెను అడిగినట్టు కాదన్నా."

"అడుగుతనే గదా! ముందుగాల జెర తొవ్వ చేస్తున్న, అంతే."

నా పాత సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. వక్తృత్వ పోటీల్లో పక్షం మనం ఎంచుకోం. చీటీ తీస్తారు, వచ్చిన పక్షాన మాట్లాడాలి. చివరి ఏడాది నేను ఏ మాత్రం నమ్మని వాదాన్ని సమర్థించి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. నా వాదన విని మనసు మార్చుకున్నానని ఒక జూనియరు వచ్చి చెప్పినప్పుడు, నేనే మార్చుకోలేదని అతనికి చెప్పే ధైర్యం లేకపోయింది. నమ్మని పక్షాన ఇక మాట్లాడనని ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను. అయినా అన్న అడిగిన అధ్యాయం రాశాను. ఆయన మీది అభిమానంతో రాశానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. నిజానికి, రాయగలనా లేదా చూద్దామన్న గర్వం కూడా అందులో సగం ఉంది.

నాయిక తాళపత్రం మీద లేఖ రాసింది. రెండు పుటల లేఖ. నీ కీర్తి నా తెరచాప గుడ్డల కన్నా విశాలం కావాలని రాసింది. దూరమనేది కన్నులకే గాని మనసుకు లేదని రాసింది. రెండేళ్ళు రెండు అలల వంటివని రాసింది. చదువుతుంటే నా గొంతు నాకే ముద్దు వచ్చింది.

భాయ్ గిన్నె మూత తీసి చూసి మళ్ళీ పెట్టాడు. "లేఖ బాగుండాది నైనా. కానీ ఆ పిల్ల రాసినట్టు లేదు. నువ్వు రాసినట్టుండాది."

"ఊకో భాయ్. పచ్చ ట్యాగే ఇది," అన్నాడు అన్న, గబగబా ఫోను తీస్తూ.

ప్రతి కొక్కేన్నీ చేత్తో కుదిపి చూడందే ట్యాగు తగిలించని మనిషి, ఈ అధ్యాయాన్ని ముట్టుకోకుండానే పాసు చేశాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

ఆ రోజు టీ వేళకు తీర్పు రాలేదు. శనివారం రాలేదు. ఆదివారం పనికి వెళ్తుంటే, అన్న జేబులో ఫోనును మాటిమాటికీ తడుముకుంటున్నాడని బస్సులో భాయ్ నాకు చూపించాడు. సోమవారం సాయంత్రం, పని బట్టలు ఇంకా మార్చుకోక ముందే, సందేశం వచ్చింది. అన్న మా ఇద్దరి మధ్యా బల్ల మీద ఫోను పెట్టి నొక్కాడు.

"తమ్మీ, నేను మాట్లాడుతున్న. ముందుగాల నీకు. గామె గట్ల రాయది. పది తెరచాపలు కుట్టిపిచ్చే మనిషి, ఏ ఓడ ఎన్నడు పోతదో ఎన్నడొస్తదో వేళ్ళ మీద లెక్కవెట్టుకునే మనిషి, మొగడు రెండేండ్లు రాననంగనే పువ్వులల్లినట్టు రాసి ఉండుమంటదా? ఈడ ఆరుగురం ఉన్నం, ఆరుగురికి నచ్చలె. ఎర్ర ట్యాగు." వెనక నుంచి ఎవరో "పెద్ద ట్యాగు పెట్టుమను" అన్నారు. నవ్వులు వినిపించాయి. తరువాత ఆమె గొంతు దగ్గరికొచ్చింది. "ఇగ నీకు. ఏమయ్యా, కాయితం ఇచ్చిన్రా? ఎన్నేండ్లు? నోటితోని చెప్పరాక పోరనితోని కత రాపిచ్చి చెప్తున్నవా?"

అన్న ముఖం ఎర్రబడింది. నాదీ అంతేనని నాకు తెలుస్తూనే ఉంది. ఆరుగురు న్యాయనిర్ణేతలు నా పక్షాన్ని కాదు, నన్నే పట్టుకున్నారు.

"పో అప్పా," అన్నాడు భాయ్ మెల్లగా. "మిద్దె మీదికి పో. గాలి కూడా బాగుండాది ఈ పొద్దు."

ఆయన ఫోను తీసుకుని పైకి వెళ్ళాడు. ఇంకా వెలుతురు ఉంది. నేనూ భాయ్ వంట మొదలుపెట్టాం. మినహాయింపు సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. నేను ఉల్లిపాయలు తరిగాను, ఎప్పటిలాగే లావుగా వచ్చాయి. అన్నం ఉడికి, కూర దించాక ఆయన కిందికొచ్చి చేతులు కడుక్కున్నాడు.

"చెప్పిన," అన్నాడు.

"ఏమంది వదిన?"

"తిట్టింది."

"తరువాత?"

"మల్ల తిట్టింది."

"ఆ పైన?" అన్నాడు భాయ్.

అన్న కంచం ముందు కూర్చుని అన్నం వడ్డించుకున్నాడు. "పైకెక్కినంక ఆడ ఎట్లుంటది అని అడిగింది. ఎన్నడడగలె గిన్నేండ్లల్ల. నేను సుత చెప్పలె. గాలి సంగతి చెప్పిన, సముద్రం అవుపడే సంగతి చెప్పిన, పదిమందికి నేనే ముందని చెప్పిన. మంచిగ ఇన్నది." అన్నం కలుపుతూ నావైపు తిరిగాడు. "జవాబు మాత్రం నాకియ్యదట. గా మాలిమి సక్కగ అడిగినంక, ఆయనకే చెప్తదట. ముందుగాల గా ఉత్తరం చింపమన్నది. చింపుతవా?"

చింపాను. మాలిమి కబురు పంపిన చోటు నుంచి తిరగరాశాను. ఆ వారం రాసిన అధ్యాయం మొత్తం నవలలో అతి చిన్నది, అతి కష్టమైనది. వర్తకుడు మళ్ళీ అడుగుతాడు. మాలిమి "అడిగి చెబుతాను" అంటాడు. సముద్రాలు దాటినవాడికి భార్య అనుమతా అని వర్తకుడు నవ్వుతాడు. మాలిమి నవ్వడు. యాత్ర ముగించుకుని తిరిగి వెళ్తున్న ముసలాయన చేతికి చిన్న ఆకు ముక్క ఇస్తాడు. అందులో మూడే వాక్యాలు: ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు. నాకు ఉండాలని ఉంది. నువ్వేమంటావు? అలంకారాలన్నీ పక్కన పెట్టి ఆ మూడు వాక్యాల దగ్గర ఆగడం నాకు ఏ వేదిక మీదా చేతకాలేదు.

శుక్రవారం చదివాను. అన్న వెంటనే ట్యాగు ఇవ్వలేదు. మళ్ళీ చదవమన్నాడు. "నాకు ఉండాలని ఉంది" అన్నచోట ఆపి, "ఇది ఉండాలె, తియ్యకు" అన్నాడు. "మూడోది సుత ఉండాలె" అని, అప్పుడు తల ఊపాడు. ఈసారి ఫోనులో గుర్రాలు సకిలించలేదు. నా కాగితం తీసుకుని, బడిపిల్లవాడిలా వేలు పెట్టి, ఉన్నది ఉన్నట్టు చదివి పంపాడు.

గిన్నెల వంతు ఆ రోజు నాది. సబ్బు చేతులతో ఉండగానే జవాబు వచ్చింది, టీ వేళకు ముందే. అన్న విని, నోటి మీద చెయ్యి పెట్టుకుని, గోడ వైపు తిరిగి చాలాసేపు నవ్వాడు. తరువాత మాకు వినిపించాడు. భాయ్ అయితే రెండుసార్లు పెట్టించుకుని విన్నాడు.

ఆదివారం ఉదయం ఆ పత్రం నా బల్ల మీదికి మళ్ళీ వచ్చింది. ఖాళీగా ఉన్నచోట అన్న తన చేతిరాతతో ఒక సంవత్సరం అని నింపాడు, అది కూడా ఇంటికి వెళ్ళి వచ్చాక మొదలయ్యేలా. ఆఫీసులో కాసేపు ముఖాలు ముడుచుకున్నారు, చివరికి ఒప్పుకున్నారు. నేను దానికి నంబరు వేసి చేర్చవలసిన చోటికి చేర్చాను. సెలవు మీద వెళ్ళేముందు, దమ్మామ్ విమానాశ్రయానికి బస్సు ఎక్కుతూ, ఆయన నన్ను పక్కకు పిలిచాడు. తాను లేనప్పుడు గాలి సంగతి చూసుకోమన్నాడు. వంట జోలికి మాత్రం పోవద్దన్నాడు.

నా నవలలో రాజులూ, వర్తకులూ, ముసలి యాత్రికుడూ అందరూ కొలిచినట్టు శిష్టభాషలోనే మాట్లాడతారు. నాయిక జవాబు ఒక్కటి అలా లేదు. అది ఆ శుక్రవారం ఫోనులో వచ్చినది వచ్చినట్టే ఉంది. అచ్చుకు వెళ్ళినప్పుడు ఎవరైనా దిద్దబోతే వాదించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఈసారి పక్షం నేనే ఎంచుకున్నాను. ముసలాయన మోటుపల్లిలో దిగి తెరచాపల శాలకు వెళ్తాడు. ఆమె ఆకు ముక్క చదివి, సూది గుడ్డలో గుచ్చి ఆపి, ఆయనతో ఇలా అంటుంది:

"ఒక్కసారి ఇంటికొచ్చి పొమ్మను. ఏడాదయితె తెరచాప నేనే కుట్టిస్త. రెండేండ్లంటె గుడ్డ ఇయ్య, ఈదుకుంట పొమ్మను."